పాత జీపుకు డిస్క్ బ్రేకులు: మొదటి తొక్కుకే పెడల్ ఎందుకు పడిపోతోంది?

బండి మహీంద్రా సీజే 500డీ. డీజిల్ ఇంజను. మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది) చాలా పాత జీపుల్లో లాగే డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోర్‌బోర్డు అడుగున ఛాసిస్‌కు బిగించి ఉంది. వెనక డ్రమ్ములు పాతవే. ముందు యాక్సిల్‌కు మాత్రం డ్రమ్ములు తీసేసి, వేరే బండి నుంచి తెచ్చిన డిస్కులు, సింగిల్ పిస్టన్ ఫ్లోటింగ్ క్యాలిపర్లు (డిస్కును రెండు ప్యాడ్ల మధ్య బిగించేవి, పిస్టన్ ఒక వైపే ఉండి పిన్నుల మీద జరిగేవి) లేత్ షాపులో కోయించిన బ్రాకెట్ల మీద ఎక్కించారు. కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టరు లేదు.

ఫిర్యాదులు ఇవి. పొద్దున్నే మొదటిసారి తొక్కితే పెడల్ దాదాపు ఫ్లోర్ దాకా పోతుంది, రెండోసారి తొక్కితే పైకొస్తుంది. గతుకుల దారి దాటి తారు రోడ్డెక్కాక వేసిన మొదటి బ్రేకు కూడా అంతే. పెడల్ పైకొచ్చాక సైతం కాలి బలమంతా పెడితే గానీ బండి ఆగదు, ఆగేటప్పుడు ఎడమకు లాగుతుంది. ఇంకో సంగతి అడిగితే గానీ బయటికి రాలేదు. డిస్కులు వేసిన కొత్తలో పది పదిహేను కిలోమీటర్లకే ముందు చక్రాలు పట్టేసేవి, హబ్బులు చెయ్యి పెట్టలేనంత కాలేవి. అప్పుడొక మెకానిక్ మాస్టర్ సిలిండరు విప్పి లోపలి వాల్వు తీసేశాడు. పట్టేయడం ఆగింది, పెడల్ పడిపోవడం మొదలైంది.

ఆ తరవాత జరిగిందల్లా ఎయిర్ తీయడమే, అంటే లైనులో ఇరుక్కున్న గాలిని ఆయిల్‌తోపాటు బయటికి పంపడమే. తీసిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఎయిర్ తీశాక బాగుపడి మళ్లీ చెడుతోందంటే, గాలి ఎక్కణ్నుంచో కొత్తగా చొరబడుతోంది, లేదా అసలు గాలితో సంబంధం లేని కారణం ఇంకొకటుంది. ఈ బండిలో రెండూ ఉన్నాయి. రెండిటి లక్షణమూ ఒకటే కావడంతో ఒకదాన్ని సరిచేసినప్పుడల్లా రెండోది దాన్ని కప్పేస్తూ వచ్చింది.

స్పానరు పట్టేముందు

పెడల్ ఎంత లోతుకు పోతోందన్న దానికంటే ఎప్పుడు పోతోందన్నది ముఖ్యం. రాత్రంతా నిలబెట్టాక పడిపోతే ఆయిల్ వెనక్కి జారుతోంది. గతుకుల్లోనో గట్టి మలుపుల్లోనో నడిపాక పడిపోతే డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతోంది. ఎప్పుడు తొక్కినా స్పాంజిలా ఉంటే గాలి ఇరుక్కుంది, లేదా రబ్బరు హోసులు ఉబ్బుతున్నాయి. కాలు పెట్టి ఉంచితే మెల్లగా దిగిపోతూ ఉంటే మాస్టర్ సిలిండరు వాషర్లు పోయాయి, లేదా ఎక్కడో లీకుంది. యజమాని నోటి నుంచి ఈ ఒక్క సమాధానం సరిగ్గా రాబట్టితే సగం పని అయినట్టే.

ఇక్కడ మరో ఆధారం దొరికింది. బానెట్టు ఎత్తుగా, ఎగువకు నిలబెట్టిన రాత్రి మర్నాడు పెడల్ మరీ అధ్వానంగా ఉండేది. చదునైన చోట పెట్టిన రోజు కాస్త నయం.

తరవాతి పరీక్షకు కావలసినవి మూడు హోస్ క్లాంపులు. పదును లేని, గుండ్రటి అంచుల క్లాంపులే వాడాలి. వైస్ గ్రిప్పు పళ్లతో నొక్కితే హోసు లోపలి పొర తెగుతుంది. మూడు రబ్బరు హోసులూ మూసి పెడల్ తొక్కితే పైనే, రాయిలా గట్టిగా ఆగింది. కాబట్టి మాస్టర్ సిలిండరు బాగానే ఉంది. వెనక క్లాంపు తీస్తే పెడల్ కొద్దిగా దిగింది, అది సహజం. ముందు ఎడమది తీసినా కుడిది తీసినా పెద్ద మెట్టు దిగింది, అదీ స్పాంజిలా. ముందు రెండు హోసులూ మూసేసి రాత్రంతా వదిలితే పొద్దున మొదటి తొక్కు బాగుంది. తప్పు ముందు వైపే ఉందని తేలింది.

పాత వాల్వు ఎందుకు చక్రాలను పట్టేసింది

డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండరు చివర ఒక చిన్న చెక్ వాల్వు ఉంటుంది. పెడల్ వదిలాక కూడా లైనులో సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని అది నిలిపి ఉంచుతుంది. వీల్ సిలిండరు రబ్బరు వాషర్ల అంచులు గోడకు ఆనుకుని ఉండి, గాలి పీల్చకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. డ్రమ్ములో బలమైన రిటర్న్ స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి కాబట్టి ఆ ఒత్తిడి వల్ల నష్టం లేదు.

క్యాలిపర్‌లో స్ప్రింగు లేదు. పిస్టన్‌ను వెనక్కి లాగేది దాని చుట్టూ ఉన్న చదరపు సీలు మెలిక ఒక్కటే. ఈ క్యాలిపర్ పిస్టన్ కొలిస్తే 57 మి.మీ. అంటే వైశాల్యం 25.5 చదరపు సెంటీమీటర్లు. 10 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 0.7 కిలో. ఆ పిస్టన్ మీద 18 కిలోల నొక్కుడు, పెడల్ మీద కాలే లేకుండా, ఎప్పుడూ ఉంటుంది. రెండు ప్యాడ్ల రాపిడి, డిస్కు వ్యాసార్థం, టైరు వ్యాసార్థం కలిపి లెక్కేస్తే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్కో చక్రం దగ్గర సుమారు 700 వాట్ల వేడి పుడుతుంది. హబ్బులో ఒక ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి పెట్టినట్టు. గ్రీజు కరుగుతుంది, ప్యాడ్లు గాజులా మెరిసిపోతాయి, బ్రేక్ ఆయిల్ మరుగుతుంది.

కాబట్టి ఆ వాల్వు తీయడం సరైనదే. దాని స్థానంలో ఏమీ పెట్టకుండా వదిలేయడంతో కథ మలుపు తిరిగింది.

చక్రాలు పట్టేసిన బండి వస్తే నేరుగా వాల్వు మీద పడకుండా, చక్రం పట్టి ఉన్నప్పుడే ఒక వరసలో చూడాలి. మొదట పెడల్‌కూ మాస్టర్ పిస్టన్‌కూ మధ్య ఉండే పుష్ రాడ్ వదులు చేయాలి. చక్రం తిరిగితే పుష్ రాడ్‌కు ఫ్రీ ప్లే (కదిలే ఖాళీ) లేదు, పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతోంది. ఇలాంటి పట్టు వేడి పెరిగిన కొద్దీ బిగుస్తుంది. తిరగకపోతే మాస్టర్ సిలిండరు దగ్గరి పైపు నట్టు కొద్దిగా వదలాలి. అక్కడ ఒక్క చిమ్ము చిమ్మి చక్రం తిరిగితే మాస్టర్‌లోని వాల్వు లేదా రంధ్రం. అక్కడా తిరగక, క్యాలిపర్ మీది ఎయిర్ తీసే నిప్పల్ తెరిస్తేనే తిరిగితే మధ్యలోని రబ్బరు హోసు లోపల వాచింది. పైకి కొత్తగా కనిపించే హోసు కూడా లోపల మూసుకుపోవచ్చు. నిప్పల్ తెరిచినా తిరగకపోతే ఆయిల్ సంగతి కాదు. స్లైడర్ పిన్నులు బిగుసుకున్నాయో, పిస్టన్ తుప్పు పట్టిందో చూసుకోవాలి.

ఎత్తు తేడా

కార్లలో మాస్టర్ సిలిండరు ఇంజను గది గోడకు, చక్రాలకంటే చాలా ఎత్తులో ఉంటుంది. ఆయిల్ తనంతట తానే కిందికి దిగి క్యాలిపర్‌ను నిండుగా ఉంచుతుంది. పాత జీపులో బ్రేక్ ఆయిల్ ట్యాంకు ఫ్లోర్ కింద ఉంది. డిస్కు మార్పిడి చేసేవాళ్లు సాధారణంగా లెక్కలోకి తీసుకోనిది ఇదే.

ఎత్తు కొలవడానికి తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ ట్యూబు చాలు. ఒక చివర మాస్టర్ సిలిండరు ఆయిల్ మట్టం పక్కన, రెండో చివర క్యాలిపర్ పైభాగం పక్కన పట్టాలి. చదునైన నేల మీద క్యాలిపర్ పైభాగం 6 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. మాస్టర్ సిలిండరుకూ ముందు యాక్సిల్‌కూ మధ్య దూరం దాదాపు మీటరు. 15 డిగ్రీల ఎగువకు నిలబెడితే ఇంకో 26 సెంటీమీటర్లు కలుస్తాయి. రాత్రంతా క్యాలిపర్‌లోని ఆయిల్‌ను అంత ఎత్తు కిందికి లాగుతూ ఉంటుంది. క్యాలిపర్ సీలు లోపలి ఒత్తిడిని బయటికి పోనివ్వకుండా కట్టినది. బయటి గాలి లోపలికి పీల్చుకోకుండా ఆపడం దాని పని కాదు, కొంచెం పాతబడితే అసలే ఆపదు. ఎగువకు పెట్టిన రాత్రుల గుట్టు ఇది.

దీనికి మందు 2 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వు, అంటే పాత చెక్ వాల్వు పనే తక్కువ ఒత్తిడితో చేసేది. 2 పీఎస్‌ఐ అంటే దాదాపు 1.4 మీటర్ల నీటి స్తంభం ఒత్తిడి. ఏ వాలులో నిలబెట్టినా ఆయిల్ వెనక్కి జారదు. అదే ఒత్తిడి పిస్టన్ మీద వేసే బలం మూడున్నర కిలోలే. సీలు బిగువు దాన్ని తట్టుకుంటుంది కాబట్టి చక్రం పట్టేయదు. ముందుకు 2, వెనక డ్రమ్ములకు 10. ఇవి తారుమారైతే పాత జబ్బు కొత్తగా మొదలవుతుంది. వాల్వు ఒంటి మీద బాణం గుర్తు మాస్టర్ నుంచి చక్రం వైపు ఉండాలి. పాత సింగిల్ మాస్టర్ సిలిండరుకు బయటికి ఒకే దారి. దాని లోపలి వాల్వు ఒక్కటి ముందూ వెనకా రెండిటికీ సరిపోదు. ముందుకూ వెనకకూ వేర్వేరు దారులున్న టాండమ్ మాస్టర్ సిలిండరు పెట్టడానికి ఇదొక కారణం. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోయే సింగిల్ లైను మీద డిస్కులు నడపకూడదన్నది అంతకన్నా పెద్ద కారణం.

నిప్పల్ కిందికి

ముందు చక్రాలు విప్పగానే కనిపించింది. రెండు క్యాలిపర్లలోనూ ఎయిర్ తీసే నిప్పల్ కింద, ఆయిల్ హోసు పైన. కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేశారు. దాత బండిలో (డిస్కులు తెచ్చిన బండిలో) క్యాలిపర్ యాక్సిల్‌కు ఒక వైపు ఉండి, ఇక్కడ బ్రాకెట్ రెండో వైపు పెట్టినప్పుడు ఈ పొరపాటు దొర్లుతుంది. బోల్టులన్నీ చక్కగా పడతాయి, ఏమీ అడ్డం రాదు, అందుకే అనుమానం రాదు. నిప్పల్ కిందున్నప్పుడు ఎన్ని లీటర్ల ఆయిల్ పంపినా పైన చేరిన గాలి బుడగ కదలదు.

క్యాలిపర్లు ఇటుదటు మార్చి, హోసుల దారి మళ్లీ చూసుకున్నాం. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, యాక్సిల్ పూర్తిగా వేలాడదీసి, హోసు లాగకుండా, టైరుకు తగలకుండా ఉందని చూడాలి. బ్రాకెట్ అడ్డొచ్చి మార్చడం కుదరకపోతే క్యాలిపర్‌ను విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందమున్న చెక్కముక్క పెట్టి, నిప్పల్ ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని ఎయిర్ తీసి మళ్లీ బిగించవచ్చు. అది తాత్కాలికం. రేపు ఇంకో చోట ఎయిర్ తీసే మెకానిక్‌కు ఆ సంగతి తెలియదు.

ఎడమకు లాగడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. కుడి క్యాలిపర్ స్లైడర్ పిన్నులకు మామూలు ఛాసిస్ గ్రీజు రాశారు. పెట్రోలియం గ్రీజుకు రబ్బరు బూట్లు ఉబ్బి పిన్ను బిగుసుకుపోయింది, కుడి వైపు ఒక్క ప్యాడే పనిచేస్తోంది. బూట్లు మార్చి సిలికాన్ గ్రీజు వేశాక పిన్నులు వేలితో కదిలాయి.

ప్యాడ్లను వెనక్కి నెట్టే డిస్కు

గతుకుల తరవాత పడిపోయే పెడల్ వేరే జబ్బు. దీన్ని ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. ముందు చక్రం జాకీ మీద లేపి పెడల్ రెండు మూడు సార్లు తొక్కి గట్టిపడనివ్వాలి. తరవాత టైరును పైనా కిందా పట్టుకుని బలంగా ఊపి మళ్లీ ఒక్కసారి తొక్కాలి. పెడల్ లోతుకు పోతే హబ్ బేరింగు వదులు. ఈ బండిలో రెండు వైపులా పోయింది.

డ్రమ్ములున్నప్పుడు బేరింగు కొంచెం వదులున్నా ఎవరికీ తెలియదు. షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఉంటుంది, డ్రమ్ము ఊగినా వీల్ సిలిండరు కదలదు. డిస్కులో ప్యాడు డిస్కును దాదాపు ఆనుకునే ఉంటుంది. డిస్కు అర మిల్లీమీటరు ఊగినా పిస్టన్ అర మిల్లీమీటరు వెనక్కి పోతుంది. రెండు పిస్టన్ల ఖాళీ కలిపి 2.55 సీసీ. ఈ బండి మాస్టర్ సిలిండరు 25.4 మి.మీ., వైశాల్యం 5.07 చదరపు సెంటీమీటర్లు. ఆ ఖాళీ నింపడానికే మాస్టర్ పిస్టన్ 5 మి.మీ. కదలాలి. పెడల్ నిష్పత్తి 6:1 కాబట్టి కాలి దగ్గర 30 మి.మీ. వృథా. మామూలుగానే 60 మి.మీ. దిగే పెడల్‌కు ఈ 30 తోడై, పైన గాలి బుడగ కూడా చేరితే ఫ్లోర్ తగలడంలో ఆశ్చర్యం లేదు.

డయల్ గేజి పెట్టి డిస్కు అంచుకు 10 మి.మీ. లోపల కొలిస్తే ఎడమ వైపు ఊపు 0.28 మి.మీ. ఉంది. 0.10 దాటకూడదు. విప్పి చూస్తే హబ్బుకూ డిస్కుకూ మధ్య పెయింటు, తుప్పు పొక్కులు. వైర్ బ్రష్షుతో లోహం కనిపించేదాకా గీకి, నట్లు ఎదురెదురుగా బిగించి మళ్లీ కొలిస్తే 0.07 వచ్చింది. డిస్కును లేత్ మీద పట్టించాల్సిన పని పడలేదు. శుభ్రం చేయకుండా డిస్కు వంకర అని లేత్‌కు పంపితే మందం పోతుంది, వంకర అక్కడే ఉంటుంది.

బేరింగు సర్దుబాటు ఇలా చేశాం. గ్రీజు నింపి, హబ్బును చేత్తో తిప్పుతూ లోపలి నట్టును సుమారు 65 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, రోలర్లు కూర్చున్నాక ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి, లాక్ వాషరు పెట్టి బయటి నట్టు బిగించాలి. బయటి నట్టు బిగించేటప్పుడు లోపలిది కొంచెం జరుగుతుంది. అందుకే లాక్ చేసే ముందు మళ్లీ ఊపి, తిప్పి చూడాలి. ఊపు తెలియకూడదు, తిరగడంలో బిగువూ ఉండకూడదు.

దాదాపు సరిపోయే నట్టు

ముందు ఎడమ పైపు అతుకు దగ్గర సన్నటి తడి కనిపించింది. పాత జీపు పైపు నట్లు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. దాత బండి హోసులు మెట్రిక్, ఎం10, 1 మి.మీ. పిచ్. 3/8 అంటే 9.5 మి.మీ., దాని పిచ్ 1.06 మి.మీ. ఈ నట్టు ఎం10 రంధ్రంలోకి చేత్తోనే వెళ్లిపోతుంది, కొంచెం బిగుసుకున్నట్టు కూడా అనిపిస్తుంది. నిజానికి మరల కొనలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. గట్టి బ్రేకు వేసిన రోజున ఊడిపోతుంది. ఇక్కడ దాన్ని టెఫ్లాన్ టేపుతో ఆపే ప్రయత్నం జరిగింది. బ్రేకు అతుకులో సీలయ్యేది ఫ్లేరు (విప్పారిన పైపు కొస), మరలు కావు. టేపు ముక్క ఊడి లోపలికి పోతే వాల్వునో రంధ్రాన్నో మూసేస్తుంది.

ఫ్లేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాత జీపులో పైపు కొసను రెండు మడతలు వేసి గరాటులా విప్పుతారు. మెట్రిక్ వాటిలో కొస చిన్న బుడగలా ఉంటుంది. ఒకదాని సీటులో రెండోది కూర్చోదు. రెండు రకాలూ కలిసే చోట సరైన అడాప్టరు పెట్టి, 4.75 మి.మీ. స్టీలు పైపు కొత్తది వేశాం. ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే మెత్తటి రాగి పైపు బ్రేకుకు పనికిరాదు, అదురుకు బీటలు తీస్తుంది.

కాలి బలం చాలకపోవడం

డ్రమ్ములో ముందు షూ తిరిగే డ్రమ్ముతోపాటు తానే లోపలికి దూసుకుపోయి కాలి బలాన్ని పెంచుతుంది. డిస్కులో ఆ సాయం లేదు. 30 కిలోల కాలి ఒత్తిడి ఆరింతలై 180 కిలోలు, దాన్ని 5.07తో భాగిస్తే లైనులో చదరపు సెంటీమీటరుకు 35 కిలోల చిల్లర. ప్యాడు మీద 905 కిలోలు. టైరు దగ్గరకొచ్చేసరికి రెండు ముందు చక్రాలూ కలిపి 430 కిలోల ఆపే బలం. మనుషులతో 1600 కిలోలు తూగే బండికి ఇది చాలదు.

పెడల్ లోతు తగ్గడానికి పెద్ద మాస్టర్ సిలిండరు వేయమని యజమానికి ఎవరో సలహా ఇచ్చారు. 28.6 మి.మీ. వేస్తే పెడల్ పైకొస్తుంది, నిజమే. ఒత్తిడి మాత్రం అయిదో వంతు పడిపోయి ఇప్పటికే బరువైన బ్రేకు ఇంకా బరువెక్కుతుంది. 22.2 వేస్తే ఒత్తిడి 30 శాతం పెరుగుతుంది, పెడల్ కూడా అంతే శాతం లోతుకు పోతుంది. ఈ బండికి 25.4 టాండమ్, దాంతోపాటు ఫ్లోర్ కింద పట్టే 7 అంగుళాల జంట డయాఫ్రమ్ బూస్టరు ఎంచుకున్నాం.

బూస్టరు పెట్టాలనుకునే డీజిల్ జీపు యజమానులు ఒకటి తెలుసుకోవాలి. పెట్రోలు ఇంజనులో మ్యానిఫోల్డు నుంచి వాక్యూమ్ దొరుకుతుంది. డీజిల్‌కు థ్రాటిల్ ప్లేటు లేదు, వాక్యూమ్ లేదు. మ్యానిఫోల్డుకు హోసు గుచ్చితే బూస్టరు ఉత్త డబ్బా. ఆల్టర్నేటరు వెనక వాక్యూమ్ పంపు ఉన్న రకం వేయాలి. ఆ పంపుకు ఇంజను ఆయిల్ సరఫరా పైపు ఒకటి, సంపులోకి వెనక్కి దిగే పైపు ఒకటి కావాలి. వెనక్కి దిగే పైపు లావుగా, ఎక్కడా మెలిక లేకుండా వాలుగా ఉండాలి. అది మూసుకుపోతే ఆయిల్ వాక్యూమ్ లైనులోకి ఎక్కి బూస్టరు డయాఫ్రమ్‌ను తినేస్తుంది. బూస్టరు మూతి దగ్గర నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. గేజి పెడితే ఐడిలింగులో 580 మి.మీ. పాదరస మట్టం వాక్యూమ్ చూపించింది. 500 కంటే తక్కువ చూపిస్తే పంపో హోసో చూసుకోవాలి. పరీక్ష తేలిక. ఇంజను ఆపి నాలుగైదు సార్లు తొక్కి, పెడల్ మీద కాలుంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి జారాలి.

బిగింపు, ఎయిర్ తీయడం

వాడినవాటిలో ముఖ్యమైనవి: టాండమ్ మాస్టర్ సిలిండరు, బూస్టరు, వాక్యూమ్ పంపున్న ఆల్టర్నేటరు, 2 పీఎస్‌ఐ వాల్వు ఒకటి, 10 పీఎస్‌ఐ ఒకటి, వెనక లైను ఒత్తిడిని తగ్గించడానికి తిప్పే నాబ్ ఉన్న ప్రొపోర్షనింగ్ వాల్వు, మూడు కొత్త హోసులు, హోసును క్యాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్టుకు రెండేసి చొప్పున కొత్త రాగి వాషర్లు, వెనక వీల్ సిలిండరు కిట్లు రెండు, డాట్ 4 ఆయిల్ ఒక లీటరు.

కొత్త మాస్టర్ సిలిండరు లోపల కూడా రెసిడ్యువల్ వాల్వు దాగి ఉండవచ్చు. అవుట్‌లెట్ రంధ్రంలోకి సన్నటి తీగ మెల్లగా పంపితే తెలుస్తుంది. సీటు వెనకే మెత్తగా రబ్బరు తగిలితే వాల్వుంది, అడ్డం లేకుండా లోపలికి వెళ్తే లేదు. ముందు చక్రాలకు వెళ్లే దారిలో ఉంటే తీసేయాలి. వెనక డ్రమ్ములో వీల్ సిలిండరు వాషర్ల వెనక స్ప్రింగుతో పాటు రేకు గిన్నెల్లాంటి ఎక్స్‌పాండర్లు ఉంటే 10 పీఎస్‌ఐ వాల్వు లేకున్నా నడుస్తుంది. ఈ కిట్లలో అవి లేవు.

బిగించాక పుష్ రాడ్ ఖాళీ చూసుకోవాలి. మాస్టర్ పిస్టన్‌కు తగలకముందు 1 నుంచి 1.5 మి.మీ. ఉండాలి. ట్యాంకు మూత తీసి పెడల్‌ను చేత్తో కొంచెం నొక్కితే ఆయిల్‌లో చిన్న ఊట లేస్తుంది. ఊట లేకపోతే రంధ్రం ముందే మూసుకుని ఉంది, ఆ బండి రోడ్డెక్కితే పట్టేస్తుంది.

టాండమ్ సిలిండరును వైస్‌లో పెట్టి, అవుట్‌లెట్ల నుంచి ట్యాంకులోకే సన్న పైపులు వంచి, బుడగలు ఆగేదాకా నొక్కాకే బండికెక్కించాలి. వెనక షూలు డ్రమ్ముకు దగ్గరగా సర్దకుండా ఎయిర్ తీస్తే ఎంత తీసినా పెడల్ లోతుగానే ఉంటుంది. ఇక్కడా షూలు కొంచెం దూరంగా ఉన్నాయి. మాస్టర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. పెడల్ నెమ్మదిగా తొక్కాలి. దడదడ తొక్కితే పెద్ద బుడగ నురగైపోయి గంటల తరబడి బయటికి రాదు. బయటికొచ్చిన ఆయిల్‌ను మళ్లీ పోయకూడదు.

బ్రాకెట్ బోల్టులు 12 మి.మీ., 8.8 గ్రేడువి. 80 న్యూటన్ మీటర్లకు బిగించి పెయింటు గీత పెట్టాం. క్యాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య అన్ని వైపులా 3 మి.మీ. ఖాళీ ఉందని చక్రం చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూశాం.

ఫలితం

పెడల్ 50 మి.మీ. దగ్గర గట్టిగా నిలిచింది. ఎగువకు నిలబెట్టి రాత్రి వదిలినా పొద్దున అంతే. గతుకుల దారి తరవాతా అంతే. కొత్త ప్యాడ్లను 60 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు మోస్తరు బ్రేకులతో అలవాటు చేశాం. తరవాత బ్రేకు వాడకుండా కొంత దూరం నడిపి ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో చూస్తే రెండు ముందు డిస్కుల తేడా 10 డిగ్రీల లోపే ఉంది. ఏదైనా ఒక పక్క పట్టేస్తుంటే ఈ కొలతలో తప్పక బయటపడుతుంది.

బూస్టరు వచ్చాక వెనక డ్రమ్ములకూ ఒత్తిడి పెరిగింది. ఖాళీ బండితో తడి నేల మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలే మొదట లాకయ్యాయి. పొట్టి వీల్‌బేసున్న జీపు అలా లాకైతే అడ్డం తిరుగుతుంది. ప్రొపోర్షనింగ్ వాల్వును కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ముందు చక్రాలు వెనకవాటికన్నా ఒక్క క్షణం మొదట లాకయ్యే దగ్గర ఆపాం. ఈ సర్దుబాటు ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో చేయాలి. ఈ బండి హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉంది కాబట్టి మార్పిడి దాన్ని తాకలేదు. ఫుట్ బ్రేకు అనుమానంగా ఉన్న రోజుల్లో దాని మీదే ఆధారపడి నడిపారు. నడుస్తున్న బండిలో దాన్ని లాగితే ప్రొపెల్లర్ షాఫ్టు, గేరు పళ్ల మీద దెబ్బ పడుతుంది.

కాగితాల మాట. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడంపై ఆంక్షలు పెడుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది అదే.

500 కిలోమీటర్ల తరవాత బండి మళ్లీ రావాలి. బేరింగు నట్టు, బ్రాకెట్ బోల్టుల పెయింటు గీత, ప్రతి ఫ్లేరు అతుకు, వాక్యూమ్ పంపు ఆయిల్ పైపులు, స్లైడర్ పిన్నులు చూడాలి. డయల్ గేజి మళ్లీ పెట్టి, ఊపు 0.10 లోపలే ఉందని రాసి ఉంచుకోవాలి.